నెగెటివ్ మార్కుల జట్టు

పదహారేళ్ళపాటు ఫుట్‌బాల్ ఆడి జీతం తీసుకున్నాను. ఈ మాట చెబితే మన తెలుగువాళ్ళు ముందు నా మొహంకేసి, తర్వాత నా కాళ్ళకేసి చూసి, "ఓహో, అది కాకుండా ఏం చేస్తుంటారు?" అని అడుగుతారు. అది కాకుండా ఏమీ చెయ్యలేదండీ. వైజాగ్‌లో రైలుపట్టాల పక్కనున్న మైదానంలో మొదలుపెట్టి, కలకత్తా, గోవా తిరిగి, చివరికి దిల్లీలో ఓ క్లబ్బులో తేలాను. అన్ని చోట్లా స్టాపర్‌గానే ఆడాను. అంటే గోల్‌కీపర్ ముందు నిలబడి, ఎదుటివాడు గోల్ కొట్టకుండా అడ్డుపడటం. గోల్ కొట్టినవాణ్ణి భుజాల మీద ఎత్తుకుంటారు. ఆపినవాణ్ణి చూసి "వాడి పని అదే కదా" అంటారు. నేను మొత్తం కెరీర్‌లో కొట్టిన గోల్స్ మూడు. అందులో రెండు మా గోల్లోకే కొట్టాను.

స్టాపర్‌కి కాళ్ళకంటే నోరు ముఖ్యం. వెనకనుంచి ఆటంతా కనిపించేది మాకే కాబట్టి "ఎడమ పక్క!", "వెనక మనిషి!", "వదులు!", "నాది!" అని తొంభై నిమిషాలూ అరుస్తూనే ఉండాలి. ఇలా పదహారేళ్ళు అరిచాక ఆ అలవాటు మైదానం గేటు దగ్గర ఆగదు. మెట్రోలో జనం ఎక్కుతుంటే ఎవణ్ణి ఆపాలో కళ్ళు వాటంతటవే వెతుకుతాయి. పెళ్ళి భోజనాల్లో ప్లేటు పట్టుకుని దూసుకొచ్చే పెద్దమనిషిని చూస్తే భుజం అడ్డుపెట్టబుద్ధవుతుంది. ఒకసారి పెట్టాను కూడా. ఆయన పెళ్ళికొడుకు మేనమామట.

ముప్పై ఆరో ఏట కుడి మోకాలు చేతులెత్తేసింది. డాక్టరు ఎక్స్‌రే ఫిల్ములు వెలుతురుకి పట్టి చూసి, "ఇక దీన్ని మెట్లెక్కడానికి దాచుకోండి" అన్నాడు. మేముండేది జనక్‌పురిలో రెండో అంతస్తు కాబట్టి అదీ అవసరమే.

మా ఆవిడ గురుగ్రామ్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తుంది. నేను కోచింగ్ సర్టిఫికెట్ ఒకటి సంపాదించి ఇంట్లో కూర్చున్నాను. కూర్చున్నానన్నమాటే గానీ కుదురుగా కూర్చుంటేనా. పనిమనిషి చీపురుతో వస్తుంటే "వెనక మనిషి!" అని అరిచేవాణ్ణి. స్టవ్ మీద పాలు పొంగితే "వదలకు! మీద పడు!" అని హాల్లోంచి కేక పెట్టేవాణ్ణి. మా ఆవిడ ఆఫీసు మీటింగులో ఉండగా మ్యూట్ తీసినప్పుడల్లా నా కేకలు బెంగళూరు దాకా వినిపించేవిట. ఏడు నెలలు ఓర్చుకుని, ఓ రోజు లాప్‌టాప్ మూసి అడిగింది.

"ఏవండీ, ఈ ఇంట్లో మీరు ఎవర్ని ఆపుతున్నారసలు?"

మర్నాడే మా కాలనీకి దగ్గర్లో ఉన్న ఒక బళ్ళో ఫుట్‌బాల్ కోచ్ కావాలంటున్నారని విని వెళ్ళాను.

ప్రిన్సిపాల్ మేడమ్ పంజాబీ ఆవిడ. యాభై దాటుంటాయి. నేను బల్లమీద పరిచిన మెడల్స్‌ని, బజార్లో బెండకాయల్ని చూసినట్టు ఒక్కొక్కటీ తిప్పి చూసి పక్కన పెట్టింది.

"మెడల్స్ తెచ్చేవాళ్ళు నెలకొకరు వస్తారు భాయ్‌సాబ్," అంది హిందీలో. "వచ్చి, మా పిల్లల మధ్యలో దూరి, తామే ఆడేసి, తామే గోల్ కొట్టేసి, తామే చప్పట్లు కొట్టుకుని పోతారు. నాకు ఆటగాడు వద్దు. కోచ్ కావాలి. మీకు జట్టేదైనా ఉందా?"

"ఉంది మేడమ్," అన్నాను. ఎందుకన్నానో ఈనాటికీ తెలియదు. నోరు నాదే, మాట మాత్రం నాకంటే ముందు దూకేసింది.

"మ్యాచ్ ఎప్పుడు?"

"మూడు వారాల్లో."

"అచ్ఛా. వచ్చి చూస్తాను. చూశాకే ఉద్యోగం సంగతి."

మెట్లు దిగుతుంటే మోకాలు కాదు, గుండె నొప్పిపుట్టింది. ఈ ఉద్యోగం కాకపోతే ఇంకో ఉద్యోగానికి నాకు అర్హత లేదు. ఫుట్‌బాల్ తప్ప ఇంకేదీ రాని మనిషిని ఫుట్‌బాల్ కూడా వద్దంటే, ఇక జీవితాంతం పాలు పొంగినప్పుడల్లా అరుచుకుంటూ బతకాలి. భయమేసింది. నిజంగానే భయమేసింది.

ఇంటికెళ్ళి జరిగింది చెబితే మా ఆవిడ "ఏ జట్టండీ?" అంది.

"అదే ఆలోచిస్తున్నా."

ఆవిడ నా మొహంకేసి ఒక్క క్షణం చూసి, తమ్ముడికి ఫోన్ చేసింది.

మా బావమరిది దిల్లీలోనే, కోచింగ్ సెంటర్ల పేటయిన ముఖర్జీ నగర్‌లో సివిల్స్‌కి చదువుతున్నాడు. మూడో అటెంప్టు. అక్కడ ఒక్కో రాష్ట్రం కుర్రాళ్ళు ఒక్కో జట్టుగా ఏడుగురేసి ఆడే టోర్నమెంట్ ఒకటి ఏటా జరుగుతుందిట. కిందటేడు తెలుగువాళ్ళు జట్టే పంపలేదని మిగతావాళ్ళు ఏడిపించారట. ఈసారి రోషానికి పోయి పేరైతే ఇచ్చారు గానీ ఆడటం ఎవరికీ రాదు. "నువ్వొస్తే దేవుడొచ్చినట్టే బావా," అన్నాడు ఫోన్లో. మొదటి మ్యాచ్ కేరళ వాళ్ళతో. సరిగ్గా మూడు వారాలకి.

మొదటి రోజు పొద్దున్న ఆరింటికి మైదానం దగ్గర ఏడుగురూ వరుసగా నిలబడ్డారు. అందరి చేతుల్లోనూ నోటుపుస్తకాలు. ఒకడి చేతిలో పసుపు హైలైటర్ కూడా. పేర్లు అడిగితే మా బావమరిది "పేర్లెందుకు బావా, ఇక్కడ అందరం ఆప్షనల్ సబ్జెక్టుతోనే పిలుచుకుంటాం" అన్నాడు. అంటే పరీక్షకి ఎవడు ఏ సబ్జెక్టు ఎంచుకున్నాడో అదే వాడి పేరు. ఆ లెక్కన మా బావమరిది జాగ్రఫీ. పొడుగ్గా, బక్కగా ఉన్న కరీంనగర్ కుర్రాడు తెలుగు సాహిత్యం. గోల్‌కీపర్‌గా నిలబెట్టిన కడప కుర్రాడు ఆంత్రోపాలజీ. మిగతా నలుగురిదీ సోషియాలజీయే కావడంతో వాళ్ళకి ఒకటి నుంచి నాలుగు దాకా నంబర్లిచ్చాను.

"ఏవైనా అడగాలా?" అన్నాను కోచ్‌లా నడుం మీద చేతులు పెట్టుకుని.

"సార్, సిలబస్ ఎంతుంటది?" అన్నాడు తెలుగు సాహిత్యం.

"గత పదేళ్ళ మ్యాచ్‌లు చూస్తే కవరైపోతాదా సార్?" అన్నాడు ఆంత్రోపాలజీ.

సోషియాలజీ మూడు ఫోన్ తీసి, ఆ రోజు గాలి నాణ్యత అంకె చదివి, పర్యావరణం పేపర్లో ఇది అడిగే అవకాశం ఉందని మిగతావాళ్ళని హెచ్చరించాడు. నలుగురు రాసుకున్నారు.

నేను చెప్పిన మొదటి పాఠం అరవడం. బంతి మీదకొస్తే "నాది!" అని అరవాలి అన్నాను. అందరూ తలూపారు. బంతి విసిరాను. జాగ్రఫీ దాని కింద నిలబడి, పక్కవాడి చెవి దగ్గరికి వంగి, "ఎక్స్‌క్యూజ్ మీ అన్నా, నాది," అన్నాడు గుసగుసగా.

రోజుకి పద్నాలుగు గంటలు లైబ్రరీలో కూర్చునే జనం వీళ్ళు. అక్కడ పెన్ను కింద పడితేనే నలభై తలలు లేస్తాయి. దగ్గొస్తే బయటికెళ్ళి దగ్గి వస్తారు. అలా అలా గొంతులు మరిచిపోయారు. నా కెరీర్ అంతా నోటితో ఆడినవాణ్ణి, మూగవాళ్ళ జట్టు దొరికింది నాకు. ఆ మొదటి వారం మేము ప్రాక్టీస్ చేస్తుంటే చెట్టు మీద పావురాలు కూడా కదిలేవి కావు.

అదొక్కటే అయితే ఎలాగో నెట్టుకొచ్చేవాణ్ణి. అసలు జబ్బు రెండో వారంలో బయటపడింది. జాగ్రఫీ, తెలుగు సాహిత్యం ఇద్దర్నీ వెనక స్టాపర్లుగా పెట్టి, వాళ్ళ మధ్యలోకి మెల్లగా ఒక బంతి దొర్లించాను. కుక్కపిల్ల కూడా ఆపే బంతి. ఇద్దరూ దాన్ని చూశారు. ఒకరినొకరు చూసుకున్నారు. బంతి ఇద్దరి మధ్యలోంచి మర్యాదగా వెళ్ళి గోల్లో కూర్చుంది.

"ఎందుకు వదిలేశావురా?" అన్నాను బావమరిదితో.

"ఏంటంటే బావా, అది కచ్చితంగా నాదని అనిపించలేదు."

"నువ్వు?"

"యాభై శాతమే అనిపిచ్చింది సార్," అన్నాడు తెలుగు సాహిత్యం. "యాభైకి రిస్కెందుకని ఇడిసిపెట్టిన."

అరగంట మాట్లాడించాక గానీ నాకు అర్థం కాలేదు. వాళ్ళు రాసే ప్రిలిమ్స్ పరీక్షలో తప్పు జవాబుకి మార్కులు కోస్తారు. వదిలేసిన ప్రశ్నకి కోత లేదు. అందుకని కచ్చితంగా తెలియకపోతే ముట్టుకోకూడదని ఏళ్ళ తరబడి చేతులకి నేర్పుకున్నారు. వారం వారం టెస్టులు రాసి, ఎన్ని వదిలేశారో చూసుకుని మురిసిపోతారు. ఇప్పుడు ఆ శిక్షణంతా కాళ్ళలోకి దిగింది. బంతి వస్తుంది. వాళ్ళు చదువుతారు. నాలుగు ఆప్షన్లూ బేరీజు వేస్తారు. సందేహం వస్తుంది. వదిలేస్తారు.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "ఫుట్‌బాల్లో వదిలేస్తేనే మార్కులు పోతాయిరా బాబూ!" అని అరిచాను. అందరూ నోటుపుస్తకాలు తెరిచి ఆ వాక్యం రాసుకున్నారు. హైలైటర్ కుర్రాడు దానికి పసుపు కూడా పూశాడు. మర్నాడు అదే బంతి దొర్లిస్తే మళ్ళీ ఇద్దరూ వదిలేశారు. నోట్సులో ఉంది గానీ కాళ్ళలో లేదు.

మ్యాచ్ ఆదివారం పొద్దున్న పెట్టారు. ప్రిన్సిపాల్ మేడమ్ చెప్పిన వేళకి వచ్చింది. నల్ల కళ్ళద్దాలు, చేతిలో చాయ్ ఫ్లాస్కు, వెనక డ్రైవరు మోసుకొచ్చిన మడతకుర్చీ. మైదానం చుట్టూ ఇనుప జాలీ ఉంది. దాని అవతల నీడ చూసి కుర్చీ వేయించుకుని, నాకేసి ఒకసారి తలూపి, కాలు మీద కాలేసుకుంది. పదహారేళ్ళలో ఎన్ని మ్యాచ్‌లు ఆడానో లెక్కలేదు గానీ ఏ మ్యాచ్‌కీ ఇలా చెమటలు పట్టలేదు. అప్పుడు కనీసం కాళ్ళు నావి. ఇప్పుడు పద్నాలుగు కాళ్ళు, ఒక్కటీ నాది కాదు.

రెఫరీ లక్నో కుర్రాడు. అతనూ సివిల్సే, ఆప్షనల్ సబ్జెక్టు న్యాయశాస్త్రం. ఆట మొదలయ్యే ముందు ఫోన్లో ఫుట్‌బాల్ నిబంధనల పుస్తకం తెరిచి పెట్టుకుని జేబులో వేసుకున్నాడు.

ఒక్కో సగం ఇరవై ఐదు నిమిషాలు. కేరళ కుర్రాళ్ళు ఆరో నిమిషంలో మొదటి గోల్ కొట్టారు. కొట్టారనడం కూడా తప్పే, మావాళ్ళు దారిచ్చారు. పద్దెనిమిదో నిమిషంలో రెండోది. ఈసారి బంతి సోషియాలజీ ఒకటి, రెండు, నాలుగుల పక్కనుంచి వరుసగా పోయింది. ముగ్గురూ దాన్ని చూసి, ఎవరికి వారే పక్కవాడికి బాగా వచ్చేమో అనుకున్నారు. నేను గీత మీద గంతులేస్తూ "మీద పడు! మీద పడు!" అని అరుస్తుంటే, లైబ్రరీ మనుషులు కదా, వాళ్ళు సిగ్గుపడి నాకేసి చూసి "ష్‌" అన్నారు. జాలీ అవతల ప్రిన్సిపాల్ మేడమ్ చాయ్ పోసుకుంది. ఆవిడ మొహంలో ఏమీ కనిపించలేదు. కనిపించకపోవడమే భయంగా ఉంది.

సగం ఆట అయ్యింది. ఏడుగుర్నీ చుట్టూ కూర్చోబెట్టాను. నాకు ఉపన్యాసాలు రావు. కానీ మనసులో ఒక్కటే మోగుతోంది, ఇంకో ఇరవై ఐదు నిమిషాల్లో నా ఉద్యోగం పోతుంది, రాకముందే పోతుంది. తెగించి చెప్పాను.

"వినండ్రా. ఈ సగంలో నెగెటివ్ మార్కింగ్ లేదు. తీసేశారు. ఏ ప్రశ్నా వదలకూడదు. తెలిసినా తెలియకపోయినా అన్నీ అటెంప్ట్ చెయ్యాలి. అర్థమైందా?"

ఏడు మొహాలూ వెలిగిపోయాయి. మూడు వారాల్లో మొదటిసారి నా మాట కాళ్ళదాకా చేరిందని వాళ్ళ కళ్ళే చెప్పాయి. "నిజంగా లేదా సార్?" అన్నాడు ఆంత్రోపాలజీ, పండగ సెలవు ప్రకటించినట్టు. "లేదు," అన్నాను గట్టిగా. కోచ్ అంటే ఇదీ అనుకున్నాను. గర్వంగా జాలీ వైపు కూడా చూశాను.

పప్పులో కాలేశానని రెండు నిమిషాల్లో తెలిసింది.

వాళ్ళు అన్నీ అటెంప్ట్ చేశారు. ఏడుగురూ. ప్రతి బంతీ. ఒకే బంతి. బంతి ఎటు పోతే అటు ఏడుగురూ గుంపుగా పరిగెత్తి, దానిమీద పడి, ఒకరి కాళ్ళు ఒకరు తన్నుకుని, లేచి, మళ్ళీ పరిగెత్తారు. జాగ్రఫీ ఒకసారి తెలుగు సాహిత్యం దగ్గర్నుంచి బంతి లాక్కున్నాడు. ఇద్దరూ మా జట్టే. సోషియాలజీ రెండు రెఫరీని కూడా టాకిల్ చేశాడు. కేరళ కుర్రాళ్ళు ఇలాంటిది ఎప్పుడూ చూడలేదేమో, కాసేపు ఆట ఆపి నిలబడిపోయారు. అంతలో పక్కకి చూద్దును కదా, ఆ గుంపులో ఆంత్రోపాలజీ కూడా ఉన్నాడు. మైదానం మధ్యలో. చేతులకి గోల్‌కీపర్ తొడుగులతో.

అంటే గోల్ ఖాళీ.

కేరళ వాళ్ళలో ఒక చురుకైన కుర్రాడికి కూడా అదే క్షణంలో అది కనిపించింది. దూరం నుంచి, తొందరేమీ లేకుండా, బంతిని మెల్లగా తోశాడు. అది దొర్లుకుంటూ ఖాళీ గోల్ వైపు వస్తోంది. నేను ఆ గోల్‌కి పక్కనే గీత బయట నిలబడి ఉన్నాను.

ఇక్కడినుంచి జరిగినదానికి నేను బాధ్యుణ్ణి కానని చెప్పుకుంటే బాగుండును గానీ, ఆ కాళ్ళు నావే. నేను ఏమీ అనుకోలేదు. మోకాలి సంగతి గుర్తులేదు, ప్రిన్సిపాల్ గుర్తులేదు, ఉద్యోగం గుర్తులేదు. "నాది!" అని ముఖర్జీ నగర్ అంతా వినిపించేలా అరిచి, మైదానంలోకి దూకి, గీత మీద కాలు చాపి పడి, బంతిని ఆకాశంలోకి తన్నాను. అబ్బ, ఎంత శుభ్రంగా తగిలిందో. నా పదహారేళ్ళలో అంత బాగా ఎప్పుడూ క్లియర్ చెయ్యలేదు. మట్టిలో పడుకునే పిడికిలి బిగించి పైకెత్తాను.

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. పద్నాలుగు మంది ఆటగాళ్ళు గుడ్లప్పగించి చూస్తున్నారు. అప్పుడు గుర్తొచ్చింది, నేను కోచ్‌నని.

రెఫరీ నా దగ్గరికి వచ్చి, "సార్‌జీ, ఒక్క నిమిషం," అని ఫోన్ తీశాడు. నిబంధన వెతికాడు. చదివాడు. ఇంకోసారి చదివాడు. కేరళ కెప్టెన్‌ని పిలిచి వాదన విన్నాడు, మా బావమరిదిని పిలిచి ప్రతివాదన విన్నాడు. "మా బావ ఉద్దేశపూర్వకంగా చేసింది కాదు, వృత్తిరీత్యా జరిగింది," అన్నాడు మావాడు. రెఫరీ సానుభూతితో తలూపి, అయినా చట్టం చట్టమే అన్నాడు. కేరళకి పెనాల్టీ, నాకు ఎర్ర కార్డు. కార్డు దగ్గర లేకపోవడంతో జేబులోంచి ఎర్రటి స్టికీ నోటు తీసి చూపించాడు. దాని మీద చిన్న అక్షరాలతో రాజ్యాంగంలో ఏదో ఆర్టికల్ గురించి రాసి ఉంది.

మైదానం దాటి జాలీ అవతలికి వెళ్ళాలన్నారు. జాలీకి ఒకటే గేటు. ఆ గేటు పక్కనే ప్రిన్సిపాల్ మేడమ్ కుర్చీ. ఆ యాభై అడుగులూ కుంటుతూ నడిచాను. ఒళ్ళంతా మట్టి. తల కొట్టేసినట్టయింది. ఆవిడ ఎదురుగా నిలబడే ధైర్యం లేక, కుర్చీకి కాస్త వెనగ్గా, జాలీ పట్టుకుని నిలబడ్డాను. ఆవిడ నావైపు తిరగలేదు. ఆటగాడు వద్దని మొదటి రోజే చెప్పిన మనిషి ఆవిడ. ఇక అడగడానికేముంది అనుకున్నాను.

పెనాల్టీ. ఆంత్రోపాలజీ గోల్లోకి వెళ్ళి నిలబడ్డాడు. కుడివైపు చూశాడు, ఎడమవైపు చూశాడు. బంతి వచ్చింది. అతను ఎటూ కదల్లేదు. బంతి నేరుగా వచ్చి ఛాతీకి తగిలి బయటికి పోయింది. తర్వాత అడిగితే, "రెండు పక్కలా డౌటే సార్, అందుకే రెండూ వదిలేసి నడిమధ్యన నిలబడినా," అన్నాడు. నేను మూడు వారాలు తిట్టిన పద్ధతే అది.

నేను గట్టిగా ఊపిరి పీల్చి అరవబోయాను. ప్రిన్సిపాల్ మేడమ్ ముందుకే చూస్తూ, "బయటికి పంపించాక అరవకూడదు కదా?" అంది. నోరు మూసుకున్నాను. మూసుకోవడం చాలలేదు, చేత్తో పట్టుకున్నాను.

ఇంకా పదిహేను నిమిషాల ఆట ఉంది. మైదానంలో ఏడుగురూ గీత వైపు చూశారు. అక్కడ నేను లేను. ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకున్నారు. ఏం చెయ్యాలో చెప్పేవాడు లేడు. బంతి వాళ్ళ వైపే వస్తోంది.

అప్పుడు తెలుగు సాహిత్యం నోరు తెరిచాడు. ఆ బక్క మనిషిలో ఆ గొంతు ఇన్నాళ్ళూ ఎక్కడ దాక్కుందో.

"జాగ్రఫీ! గిది నీది! ఉర్కు! తక్కినోళ్ళు ఇడిసిపెట్టుర్రి!"

జాగ్రఫీ ఉరికాడు. మిగతావాళ్ళు వదిలేశారు. బంతి అవతలికి పోయింది. మళ్ళీ బంతి వచ్చింది. "సోషియాలజీ రెండు! నీ సబ్జెక్టు!" మిగతా ఆరుగురూ ముట్టుకోలేదు. ఎడమవైపు వచ్చినవన్నీ ఒకడివి, కుడివైపువి ఒకడివి, ఎత్తుగా వచ్చినవి తెలుగు సాహిత్యానివి. ఎవడి ప్రశ్న వాడు రాశాడు, పక్కవాడి ప్రశ్న ముట్టుకోలేదు. మూడు నిమిషాల్లో అందరికీ గొంతులొచ్చాయి. కడప, కాకినాడ, కరీంనగర్ అన్నీ కలిసి ఒకటే రొద. చెట్టు మీద పావురాలు లేచిపోయాయి.

నిజం చెబుతున్నాను, నాకు కడుపు మండిపోయింది. నేను గొంతు చించుకున్నప్పుడు రానిది, నన్ను గెంటేశాక వచ్చింది. "ఎడమవాణ్ణి ఇంకాస్త లోపలికి రమ్మనండ్రా" అని నాలిక చివరిదాకా వచ్చిన మాటని మింగాను. అంతలో తెలుగు సాహిత్యమే ఆ మాట అరిచాడు, దాదాపు అవే మాటలు. తర్వాత చెప్పాలనుకున్నది సోషియాలజీ నాలుగు చెప్పేశాడు. నేను మింగిన ప్రతి మాటా మైదానంలో ఎవడో ఒకడు అరుస్తున్నాడు. ఇలా నాలుగైదుసార్లయ్యాక నాకు చెప్పడానికేమీ మిగల్లేదు. జాలీ పట్టుకుని ఊరికే చూశాను. నోరు మూసుకుని బయటినుంచి ఆట చూడటం నాకదే మొదటిసారి. కళ్ళు నీళ్ళతో నిండాయి. దుమ్ము వల్ల కాదు.

మ్యాచ్ ఓడిపోయాం. రెండు సున్నా. రెండో సగంలో మాత్రం ఒక్క గోల్ కూడా ఇవ్వలేదు.

విజిల్ వేశాక ప్రిన్సిపాల్ మేడమ్ ఫ్లాస్కు మూత బిగించి, మొదటిసారి నావైపు తిరిగింది.

"ఈ చివర ఆడింది, ఇదంతా మీరు నేర్పారా?"

అవునంటే సరిపోయేది. ఇంకోసారి నోరు జారినా అడిగేవాళ్ళు లేరు. "లేదు మేడమ్," అన్నాను. "నేను నేర్పింది ఇందాక మీరు చూశారు. ఏడుగురూ ఒకే బంతి మీద పడ్డారే, అది నాది. ఇది వాళ్ళు సొంతంగా పెట్టుకున్నది."

ఆవిడ పగలబడి నవ్వింది. నవ్వీ నవ్వీ కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది. "మీరు లోపలికి దూకగానే లేచి వెళ్ళిపోదామనుకున్నాను. డ్రైవర్ చాయ్ తాగడానికెళ్ళాడు, అందుకని ఆగాను," అంది. "మీరిక్కడ చేత్తో నోరు పట్టుకుని నిలబడ్డారు చూడండి, పదిహేను నిమిషాలు, అది చూసి మనసు మార్చుకున్నాను. సోమవారం ఏడింటికి రండి. మా పిల్లలు పన్నెండేళ్ళవాళ్ళు. వాళ్ళ బంతి ముట్టుకుంటే ఊరుకోను."

"ఠీక్ హై మేడమ్," అన్నాను. ఆవిడ కుర్చీ మడతపెట్టుకుని వెళ్ళిపోయింది.

మైదానం వైపు తిరిగాను. ఓడిపోయిన మా ఏడుగురూ ఒకరి భుజాల మీద ఒకరు చేతులేసుకుని, తెలుగు సాహిత్యాన్ని పైకెత్తి, గెలిచినవాళ్ళకంటే ఎక్కువ గోల చేస్తున్నారు. కేరళ కెప్టెన్ వాళ్ళకి ఫోన్‌తో ఫొటో తీస్తున్నాడు. "సార్ ఏరి?" అని ఎవరైనా వెతుకుతారేమోనని కాసేపు గేటు దగ్గరే నిలబడ్డాను. ఎవరూ వెతకలేదు. అరుచుకుంటూ, తోసుకుంటూ టిఫిన్‌కి వెళ్ళిపోయారు. కొంచెం బాధనిపించింది. కొంచెమేలెండి.

ఇంటికెళ్ళేసరికి మా ఆవిడ సోఫాలో కూర్చుని తమ్ముడు పంపిన ఫొటో చూస్తోంది. తెరమీద వేళ్ళతో పెద్దది చేసి, అటు జరిపి ఇటు జరిపి, మూలలు కూడా వదలకుండా వెతికింది.

"ఇందులో మీరేరండీ?"

"నేను కోచ్‌ని," అన్నాను.